పనిబల్ల చట్రానికి కలప ఎంపిక: మైలవరం పరిసరాలకు అనువైన కర్రలు

సేద్యపు పనిముట్ల మరమ్మతుకు పనిబల్ల చేయించుకొనదలచిన రైతు అడిగే మొదటి ప్రశ్న టేకు తప్పదా అని. తప్పనిసరి కాదు. చిత్రిక పట్టేటప్పుడు బల్ల జరగకుండా ఉండాలంటే చట్రానికి బరువు, బిగువు అవసరం. ఈ రెండింటిలోను పొలం గట్లపై పెరిగే నల్లతుమ్మ చేవ మేలైనది. నాగళ్లకు, బండి చక్రాలకు మన పూర్వులు దానిని ఊరకే ఎన్నుకొనలేదు.

మైలవరానికి సమీపంలోని కొండపల్లిలో బొమ్మలకు తెల్లపొణికి వాడతారు. తేలికగా, మెత్తగా ఉండి ఉలికి సులభంగా లొంగటమే అక్కడ దాని గుణం. చట్రానికి అదే దోషం. జామాయిల్ బలమైనదే గాని ఆరేటప్పుడు మెలితిరిగి చీలుతుంది. మామిడి, సుబాబుల్ కర్రలకు పుప్పి పట్టే అవకాశం ఎక్కువ. ఏ కర్రలోనైనా చేవ చుట్టూ ఉండే లేత భాగాన్ని తొలగించాలి. కర్ర కొంత బలహీనమైనదైతే అడ్డదూలం లోతు పెంచవచ్చు. లోతు రెట్టింపైతే వంగకుండా నిలిచే శక్తి ఎనిమిది రెట్లవుతుంది.

అయితే జాతి కంటె తేమ ముఖ్యం. నా విద్యార్థి దశలో పచ్చి తుమ్మతో చేయించిన బల్ల ఒకటి వేసవి ముగిసేసరికి ఊగసాగింది. నింద వడ్రంగిపై వేశాము. తప్పు మాత్రం కర్రలోని నీటిది. తేమ సుమారు 30 శాతం కంటె తగ్గిన తరువాతనే కర్ర కుంచించుకొనటం ప్రారంభమవుతుంది. వార్షిక వలయాల వెంబడి కలిగే సంకోచం వాటికి అడ్డంగా కలిగే దానికి దాదాపు రెట్టింపు. కాబట్టి చదరపు కాలు ఆరిన తరువాత చదరంగా మిగలదు, అతుకు వదులవుతుంది.

తేమను కొలవటానికి మృత్తికా ప్రయోగశాలలోని ఓవెన్ చాలు. దుంగ కొన నుంచి కాక కొంత లోపలి నుంచి చిన్న ముక్క కోసి వెంటనే తూచి, 103 డిగ్రీల సెల్సియస్ వద్ద బరువు స్థిరపడే వరకు ఆరబెట్టాలి. తగ్గిన బరువును పొడి బరువుతో భాగించి 100తో గుణించాలి. మట్టి తేమ లెక్కించే పద్ధతి కూడా ఇదే. 115 గ్రాముల ముక్క 100 గ్రాములకు దిగితే తేమ 15 శాతం. అంతకు మించి ఉంటే కోసిన దూలాల కొనలకు రంగు పూసి, వరుసల మధ్య సన్నని బద్దలు పెట్టి, గాలి ఆడే నీడలో పేర్చి ఉంచాలి. ఎండలో పడవేస్తే తుమ్మ పగులుతుంది.