ఎండను దాచే ఆకు

వేసవి మధ్యాహ్నం వేలూరు కోట గోడ మీద చెయ్యి పెడితే చుర్రుమంటుంది. పగలంతా కాగిన ఆ రాయి రాత్రికి వేడినంతా గాలిలోకి వదిలివేస్తుంది. కోట దగ్గరి వేపాకు మీద పడేదీ ఆ ఎండే. కాని ఆకు అందులో కొంత పట్టి దాచుకొంటుంది. ఈ పనికే కిరణజన్య సంయోగక్రియ అని పేరు.

ఆకులోని పత్రహరితం సూర్యకాంతిలో ముఖ్యంగా ఎరుపు, నీలం రంగుల కిరణాలను గ్రహిస్తుంది. ఆ శక్తితో నీటి అణువు విడిపోతుంది. అందులోని ప్రాణవాయువు బయటికి పోతుంది. ఉదజని మాత్రం గాలినుండి వచ్చిన బొగ్గుపులుసు వాయువుకు తోడై చక్కెర తయారవుతుంది. వెలుగుగా వచ్చిన శక్తి ఇప్పుడు చక్కెరలో రసాయనశక్తిగా నిలిచి ఉంటుంది. మొక్కలు వెలుతురులోనే ప్రాణవాయువును వదులుతాయని 1779లో యాన్ ఇంగెన్‌హౌజ్ కనుగొన్నాడు. ఇక్కడ శక్తి రూపం మారుతున్నదని 1845లో చెప్పినవాడు రాబర్ట్ మేయర్ అనే జర్మన్ వైద్యుడు.

అలాగైతే ఎండ మెండుగా ఉన్న వేలూరులో పంటలు విరగపండాలి గదా! ఎండకు కొదవ లేదు, కొరత నీటిది. పాలారు ఏడాదిలో చాలాకాలం ఇసుకమేటగానే ఉంటుంది. చిత్తూరు జిల్లా కొండలనుండి గుడియాత్తానికి వచ్చే కౌండిన్య నదిదీ అదే తీరు. వేరుకు నీరందని మొక్క మిట్టమధ్యాహ్నం తన పత్రరంధ్రాలను మూసుకొంటుంది. ఉన్న నీరు ఆవిరి కాకుండా అది తీసుకొనే జాగ్రత్త ఇది. అయితే బొగ్గుపులుసు వాయువు లోనికి రావలసినదీ ఆ రంధ్రాలనుండే. అది రాకపోతే ఎంత ఎండ ఉన్నా చక్కెర తయారు కాదు. పాపం, ఎండ మండే వేళకే ఆకు పస్తుంటుంది! రాగి, చెరకు వంటి పైర్లు ఈ చిక్కును కొంతవరకు దాటగలవు. రంధ్రాలు కొద్దిగా తెరచినా చాలు, వచ్చిన వాయువును కూడబెట్టుకొనే ఏర్పాటు వాటి ఆకులలో ఉంది.

గుడియాత్తం నేత లుంగీలకూ, అగ్గిపెట్టెలకూ పేరుపడిన ఊరు. నూలు లుంగీలోని పత్తిపోగు చక్కెర అణువులు గొలుసుగా అల్లుకొన్నదే. అగ్గిపుల్ల సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. తలమీది మందు భగ్గుమనడం క్షణం పని. ఆ తరువాత వేళ్ళదాకా వచ్చే మంట కర్రది. అది చెట్టుగా ఉన్ననాడు ఆకులు పట్టిన ఎండే మళ్ళీ వెలుగై, వేడియై బయటికి వస్తుంది. ఆనాడు తీసుకొన్న బొగ్గుపులుసు వాయువు తిరిగి గాలిలో కలుస్తుంది. పుల్ల పూర్తిగా కాలితే మిగిలేది చిటికెడు బూడిద. నీరు కాక ఆ చెట్టు నేలనుండి తీసుకొన్నది దాదాపు అంతే.