హార్స్‌లీ హిల్స్ ఎక్కే కారు: ఇంజన్ సంగతులు





కారు ఇంజన్ పని అంతా సిలిండర్‌లో పుట్టే మంటతోనే. పిస్టన్ దిగుతూ గాలిని, పెట్రోలును లోపలికి లాగుతుంది. పైకి వస్తూ వాటిని అదుముతుంది. స్పార్క్ ప్లగ్ రవ్వ వేయగానే మిశ్రమం మండి పిస్టన్‌ను కిందికి తోస్తుంది. అది తిరిగి పైకొస్తూ పొగను సైలెన్సర్ వైపు నెడుతుంది. పిస్టన్ చేసే ఈ నాలుగు కదలికల్లో బండిని నడిపేది మూడోది ఒక్కటే. పిస్టన్ తిప్పే క్రాంక్‌షాఫ్ట్ నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే ఒక్కో సిలిండర్‌లో సెకనుకు 25 సార్లు మంట లేస్తుంది. డీజిల్ ఇంజన్‌కు రవ్వ అక్కర్లేదు. బాగా అదిమిన గాలి వేడికే డీజిల్ అంటుకుంటుంది.

కిలో పెట్రోలు సరిగ్గా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్ ఎత్తు 1,265 మీటర్లు. అక్కడ గాలి సముద్రతీరంలో కంటే పదో వంతుకు పైగా పలచన. పాత కార్బ్యురేటర్ బండ్లకు ఆ తేడా తెలియదు, పెట్రోలు ఎక్కువై నల్లపొగ వదులుతాయి. ఇప్పటి బండ్లలో సెన్సర్లు గాలిని కొలుస్తాయి, ఇంజెక్టర్లు ఆ మేరకే పెట్రోలు చిమ్ముతాయి. బలం మాత్రం కొంత తగ్గక తప్పదు.

ఘాట్‌లో అసలు పరీక్ష వేడిది. పెట్రోలులోని శక్తిలో చక్రాలకు చేరేది మూడో వంతు కూడా ఉండదు. మిగతాదంతా దాదాపు వేడే. అందులో కొంత పొగతో పోతుంది, కొంత కూలెంట్ మోసుకెళ్లి రేడియేటర్‌లో వదులుతుంది. సెకండ్ గేరులో ఎక్కేటప్పుడు ఇంజన్ శ్రమ ఎక్కువ, ఎదురుగాలి తక్కువ. భారమంతా ఫ్యాన్ మీదే. ఇంజన్ వేడి చూపే ముల్లు ఎర్రగీత వైపు కదిలితే బండి పక్కకు ఆపాలి. వేడి మీద రేడియేటర్ మూత ముట్టకూడదు: ఒత్తిడిలో 100 డిగ్రీలు దాటినా మరగని కూలెంట్, మూత తీయగానే బుస్సుమని ముఖానికి చిమ్ముతుంది. కూలెంట్ బదులు బోరు నీళ్లు పోసే పొదుపు తెలివితక్కువ పని. వాటి సున్నం గొట్టాల్లో పేరుకుంటుంది.

లోహం లోహాన్ని ఒరుసుకోకుండా కాచేది ఇంజన్ ఆయిల్. మట్టం చూడాలంటే బండి సమతలంపై ఉండాలి, ఇంజన్ ఆపి కొన్ని నిమిషాలు కావాలి. దారిలో ఎర్ర ఆయిల్ లైటు వెలిగితే వెంటనే ఇంజన్ ఆపేయాలి.

బ్యాటరీ పని ముఖ్యంగా సెల్ఫ్ తిప్పడం వరకే. ఆపైన కరెంటు ఆల్టర్నేటర్‌దే.

పెట్రోలు మిగులుతుందని కొందరు దిగుడులో న్యూట్రల్ వేసి ఇంజన్ ఆపేస్తారు. ఇంజన్ ఆగితే బ్రేకు పెడల్ గట్టిపడుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే ఇంజెక్టర్లే పెట్రోలు ఆపేస్తాయి, ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. కొండ ఎక్కిన గేరులోనే దిగాలి.