పాత కంప్యూటర్‌లో లినక్స్

తమ్ముడి చదువు కోసం మేము ఇంట్లో 4 జీబీ ర్యామ్ ఉన్న సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ కొన్నాం. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 ఆ పాత మిషన్‌కు ఎక్కదు. కొత్తది కొనే స్తోమత లేదు. దొంగ కాపీ వేసుకోవడం మాకిష్టం లేదు. అందుకే లినక్స్ మింట్ వేశాం.

లినక్స్‌ను 1991లో మొదలుపెట్టింది హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న 21 ఏళ్ల లైనస్ టోర్వాల్డ్స్. ఇంచుమించు మన వయసువాడే! దాని సోర్స్ కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది. కాపీ చేసి పక్కింటివాళ్లకిచ్చినా నేరం కాదు.

ఇక ఇంట్లో దేనికి పనికొస్తుంది? తమ్ముడు లిబ్రెఆఫీస్ రైటర్‌లో బయోడేటా టైపు చేసి పీడీఎఫ్ తీస్తాడు. అమ్మ డ్వాక్రా పొదుపు లెక్కలు కాల్క్‌లో వేస్తే మొత్తం అదే కూడుతుంది. (అమ్మ నమ్మక, వేళ్లమీద మళ్లీ లెక్కపెట్టుకుంది.) ఇన్‌పుట్ మెథడ్‌లో తెలుగు చేర్చుకుంటే తెలుగులో రాయవచ్చు. అది యూనికోడ్ కనుక ఫోన్‌లో తెరిచినా అక్షరాలు చెడవు. పేజ్‌మేకర్ మాత్రం ఇందులో నేరుగా నడవదు. డీటీపీ మీద బతికేవారు ఆలోచించుకోవాలి.

వేసుకునే ముందు ఒక మాట. ఐఎస్ఓ ఫైలును 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఊరికే కాపీ చేస్తే చాలదు, ఎచర్ వంటి ప్రోగ్రాంతో ఎక్కించాలి. పెన్‌డ్రైవ్ నుంచే కంప్యూటర్ ఆన్ చేసి, హార్డ్ డిస్క్‌ను ముట్టకుండా వైఫై, సౌండ్, ప్రింటర్ పనిచేస్తున్నాయో లేదో చూడవచ్చు. నచ్చాకే ఇన్‌స్టాల్ చేయండి. అప్పుడు ‘ఎరేజ్ డిస్క్’ అని వచ్చినచోట ఆగి చదవండి. మేము చదవకుండా నొక్కేశాం. అక్క పెళ్లి ఫొటోలన్నీ పోయాయి. బంధువుల ఫోన్లలో వెతికితే కొన్ని దొరికాయి.