సర్వరును కాచువారు నేర్చుకొను పాఠములు

పంచాయతీ కచ్చేరిలో బీరువా యున్నంత కాలము రికార్డుల సంగతి సభ్యులందఱికిని తెలిసియుండెడిది. తాళపుచెవి ఎవరియొద్ద నున్నదో, పన్నుల రిజిస్టరు ఏ అరలో నున్నదో, చెదపురుగు పట్టినచో ఎవరిని అడుగవలెనో అందఱును ఎఱుగుదురు. 2020 ఏప్రిలు 24వ తేదీని, జాతీయ పంచాయతీరాజ్ దినోత్సవమునాడు, ఈ-గ్రామస్వరాజ్ అను వెబ్ సైటు ప్రారంభింపబడెను. పంచాయతీల ప్రణాళికలను, జమాఖర్చులను ఒక్కచోట నమోదు చేయుటకై అది ఏర్పడినది. ఈ విధముగా బీరువా చేయు పనిలో కొంత భాగమును సర్వరు అను యంత్రము తీసికొనినది. ఆ యంత్రము మన గ్రామములో లేదు. దాని తాళపుచెవి మన చేతిలో లేదు. “సర్వరు పనిచేయుటలేదు” అని గుమాస్తా చెప్పినచో, వచ్చినవారిని “మరల రేపు రండు” అని పంపివేయుట తప్ప సభ్యులకు మఱేమియు తోచదు.

సర్వరును కాచువారు ప్రతిదినము ఏమి చేయుదురు, ఏమేమి కనుగొందురు అను విషయము తెలిసికొనుటకై మేము ఇటీవల ఒక వెబ్ డెవలపరు ప్రక్కన కొన్ని దినములు కూర్చుంటిమి. వెబ్ సైటులను నిర్మించి, వానిని నడపు సర్వరులను బాగుచేయుట ఆ యువకుని వృత్తి. అతని బల్లమీద కంప్యూటరు ప్రక్కనే ఒక నోటుపుస్తకము కలదు. యంత్రములో తాను మార్చిన ప్రతి చిన్న సంగతిని, కనుగొన్న ప్రతి కారణమును అందులో తేదీవారీగా వ్రాసికొనును. ఈ పాఠములో చాలభాగము ఆ పుస్తకమును చూచి మేము గ్రహించినదే.

సర్వరు అనగా నేమి?

సర్వరు అనగా అడిగినవారికి అడిగిన కాగితమును అందించు కంప్యూటరు. కచ్చేరిలో రికార్డుల గుమాస్తా చేయు పనినే అది చేయును. అయితే ఒకే నిముషమున వేలమంది అడిగినను తీసి ఇయ్యగలదు, రాత్రింబగళ్లు మేల్కొనియుండును.

ఈ పద్ధతి పుట్టి ఎంతో కాలము కాలేదు. జెనీవా నగరము చెంతనున్న సెర్న్ అను పరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ అను ఆంగ్లేయుడు 1989లో దీనిని ప్రతిపాదించి, 1990 చివర మొదటి వెబ్ సర్వరును నడపెను. అది ఆయన బల్లమీది కంప్యూటరే. ఎవరైన పొరపాటున ఆర్పివేయుదురేమో యని, ‘ఇది సర్వరు, దీనిని ఆర్పవలదు’ అను అర్థము గల చీటిని ఎఱ్ఱసిరాతో వ్రాసి దానికి అతికించిరి. ఇప్పుడు పెద్ద పెద్ద భవనములలో వేలకొలది సర్వరులు వరుసగా నిలిచియున్నవి. అయినను వాని స్వభావము మాఱలేదు. కరెంటు కావలెను, స్థలము కావలెను, కాచు మనిషి కావలెను.

మొదటి పాఠము: ఊహింపక చిట్టా చూడవలెను

మేము వెళ్లిన మొదటి దినముననే ఒక వెబ్ సైటు ఆగిపోయెను. యంత్రమును ఆర్పి మరల వెలిగించినచో సరిపోవునేమో యని మేము అంటిమి. యువకుడు నవ్వి, “అట్లు చేసినచో నడువవచ్చును, కాని ఏల ఆగినదో తెలియదు. రేపు మరల ఆగును” అనెను.

ప్రతి సర్వరును ఒక చిట్టా వ్రాయును. దానిని లాగు అందురు. ఎవరు వచ్చిరి, ఎన్ని గంటలకు వచ్చిరి, ఏ కాగితము అడిగిరి, తాను ఏమి జవాబు చెప్పెను అను నాలుగు సంగతులును ఒక్కొక్క పంక్తిలో నమోదగును. జవాబులకు సంఖ్యలు కలవు. 200 అనగా అడిగినది ఇచ్చితిని అని; 404 అనగా ఆ పేరుగల కాగితము నాయొద్ద లేదు అని; 500 అనగా కాగితము తీయబోవగా నాలోనే ఏదో చెడినది అని అర్థము. సభ్యులు ఈ మూడు సంఖ్యలను గుర్తుంచుకొనుట మంచిది. 404 కనబడినచో అడిగిన చిరునామా సరిగా నున్నదేమో మొదట చూచుకొనవలెను. 500 కనబడినచో సరిచేయవలసిన పని సాధారణముగా సర్వరును నడపువారిదే.

ఆ దినమున చిట్టా చూడగా విచిత్రమైన కారణము బయటపడెను. యంత్రములోని డిస్కు పూర్తిగా నిండిపోయినది. దానిని నింపినది మఱేదియు కాదు, ఆ చిట్టాయే! ఎన్నో నెలలుగా పాత పంక్తులను తీసివేయువారు లేక అది పెరిగి పెరిగి, క్రొత్త రసీదు వ్రాయుటకు చోటు లేకుండ చేసినది. యువకుడు పాత చిట్టాను తొలగించెను. అయినను స్థలము ఖాళీ కాలేదు. మాకు ఆశ్చర్యము కలిగెను. ఒక ప్రోగ్రాము ఆ చిట్టాను తెఱచి పట్టుకొనియున్నంత వఱకు, పేరు తొలగినను స్థలము తిరిగి రాదని అతడు వివరించెను. ఆ ప్రోగ్రామును ఆపి మరల నడపగా స్థలము వచ్చినది. పిమ్మట పాత చిట్టాలను వారమువారము కుదించి, గడువు తీరినవానిని తీసివేయు ఏర్పాటు చేసి, ఆ సంగతిని తన పుస్తకములో వ్రాసికొనెను.

రెండవ పాఠము: యంత్రపు గడియారము

సర్వరులలో చాలవానికి గడియారము మన దేశకాలము ననుసరించి యుండదు. యూటీసీ అను అంతర్జాతీయ కాలమానమును అనుసరించును. మన కాలము దానికంటె 5 గంటల 30 నిముషములు ముందుండును. నడిరేయి లెక్కలు కట్టుమని యంత్రమునకు ఆజ్ఞాపించి, ఉదయము 5 గంటల 30 నిముషములకు అవి కట్టబడుట చూచి క్రొత్త డెవలపరులు తెల్లబోవుట సామాన్యము.

ఇది వట్టి వినోదము కాదు. ఏప్రిలు 1వ తేదీ తెల్లవాఱుజామున 2 గంటలకు ఒక శిశువు జన్మించె ననుకొందము. యంత్రపు కాలము ప్రకారము అది మార్చి 31 రాత్రి 8 గంటల 30 నిముషములు. ప్రోగ్రాము వ్రాసినవాడు ఈ భేదమును మఱచినచో శిశువు పుట్టిన తేదీ మాఱును, నెల మాఱును, ఆర్థిక సంవత్సరము సైతము మాఱును. పాఠశాలలో చేర్చునాడు తండ్రి చేతిలోని కాగితమునకును, కంప్యూటరు చూపు తేదీకిని పొత్తు కుదరదు. తప్పు శిశువుది కాదు, తండ్రిది కాదు. గడియారమును అడుగక నమ్మినవారిది.

మూడవ పాఠము: తెలుగు అక్షరముల కొలత

కంప్యూటరు అక్షరములను ఎఱుగదు, సంఖ్యలనే ఎఱుగును. యూనికోడు అను ప్రపంచ పట్టికలో ప్రతి అక్షరమునకు ఒక సంఖ్య కలదు. 1991లో వెలువడిన దాని మొదటి కూర్పులోనే తెలుగునకు స్థానము లభించినది. ఆ సంఖ్యలను నిలువ చేయు పద్ధతులలో మిక్కిలి వాడుకలోనున్నది యూటీఎఫ్-8. ఇందులో ఆంగ్లాక్షరము ఒక్కటి ఒక బైటు స్థలము తీసికొనును. మన అక్షరము, గుణింతపు గుర్తు, సున్న, పొల్లు ఒక్కొక్కటియు మూడేసి బైట్లు తీసికొనును. ‘పంచాయతీ’ అను మాటలో ఏడు గుర్తులు కలవు గనుక అది 21 బైట్ల మాట.

దీనివలన వచ్చు చిక్కును యువకుడు మాకు చేసి చూపెను. పేరు వ్రాయు గడికి 30 బైట్ల చోటు మాత్రమే ఇచ్చె ననుకొనుడు. ఆంగ్లములో అది చాలును. ‘వెంకటేశ్వరమ్మ’ అను పేరును అందులో నింపగా, 13 గుర్తులకు 39 బైట్లు కావలసియుండగా, మొదటి 10 గుర్తులు నిలిచి తక్కినవి తెగిపోయెను. తెరమీద మిగిలినది ‘వెంకటేశ్వర’! ఒక వితంతువు పింఛనుకై పెట్టుకొన్న దరఖాస్తులో ఆమె పేరు పురుషుని పేరుగా మాఱెనేని, ఆమె ఎన్ని పర్యాయములు కచ్చేరి మెట్లు ఎక్కవలెనో సభ్యులు ఊహింపగలరు. ఆ యువకుడు గడి కొలతను పెంచుటయేగాక, క్రొత్త సాఫ్టువేరు వచ్చినపుడెల్ల మొదట ఒక పొడవైన తెలుగు పేరును వ్రాసి, దాచి, మరల తెఱచి చూచుట నియమముగా పెట్టుకొనెను.

పెద్ద సంస్థలకును ఈ విషయమున పొరపాటు తప్పలేదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞ’తో కూడిన ఒక తెలుగు అక్షర సంపుటి తెరమీదికి వచ్చినంతనే ఆపిల్ కంపెనీ ఫోనులలో సందేశములు చూపు ప్రోగ్రాములు ఆగిపోయెను. ఆ నెలలోనే కంపెనీవారు దిద్దిన సాఫ్టువేరును విడుదల చేసిరి. మన లిపి తప్పు కాదది. మన లిపితో తగినంత పరీక్షింపకపోవుటయే తప్పు.

నాల్గవ పాఠము: యంత్రము చేయు ఊహ

లెక్కల పట్టిక సాఫ్టువేరులో 5/2 అను సర్వే నంబరును కొట్టి చూడుడు. అది వెంటనే తేదీగా మాఱిపోవును. యంత్రము ఇది తేదీయేమో యని తనంతట తాను ఊహించినది. ఈ చిక్కు శాస్త్రజ్ఞులను సైతము వేధించినది. మార్చ్, సెప్ట్ అను అక్షరములతో మొదలగు కొన్ని మానవ జన్యువుల పేర్లు ఈ విధముగనే తేదీలుగా మాఱుచుండుటచేత, 2020లో వానికి క్రొత్త పేర్లు పెట్టవలసివచ్చెను. మన సర్వే నంబర్లకు మఱియొక పేరు పెట్టలేము. గనుక సంఖ్యలు నింపుటకు పూర్వమే ఆ వరుసను ‘అక్షరములు’గా నిర్ణయించి, ఆ పిమ్మటనే నింపవలెను. ముందు సున్నతో మొదలగు నంబర్లకును ఇదే జాగ్రత్త అవసరము. లేనిచో మొదటి సున్న ఎగిరిపోవును.

అయిదవ పాఠము: తెఱచి చూడని నకలు నకలు కాదు

అన్నిటికంటె ముఖ్యమైన పాఠమును కడపట చెప్పుచున్నాము. సర్వరులోని రికార్డులకు నకలు తీసి వేఱొకచోట నుంచుటను బ్యాకప్ అందురు. “బ్యాకప్ ఉన్నది” అను మాటతో తృప్తిపడువారు పెక్కుమంది.

సాఫ్టువేరు వ్రాయువారి పనిని భద్రపఱచు గిట్ ల్యాబ్ అను సంస్థలో 2017 జనవరి 31వ తేదీని జరిగిన సంగతి వినుడు. రాత్రి పొద్దుపోవువఱకు పనిచేయుచున్న ఒక ఉద్యోగి, ఒక సర్వరులోనున్నా ననుకొని మఱియొక సర్వరులోని అసలు రికార్డులను తొలగించెను. క్షణములలో పొరపాటు గ్రహించి ఆపినను, సుమారు 300 గిగాబైట్లలో 5 గిగాబైట్లకు లోపే మిగిలెను. నకళ్లకై ఆ సంస్థలో అయిదు ఏర్పాట్లు ఉండెను. వెదకి చూడగా ఒక్కటియు నమ్మదగినట్లు పనిచేయుటలేదు. ప్రతిదినము తీయవలసిన నకలు, సాఫ్టువేరు కూర్పులు పొసగక, ఎప్పుడో ఆగిపోయినది; ఆగినట్లు తెలుపు ఉత్తరములు సైతము దారిలోనే తిరస్కరింపబడినవి. అదృష్టవశమున, ఆ ఉద్యోగియే ఆఱు గంటల క్రితము వేఱొక పనికై తీసియుంచిన నకలు ఒకటి దొరికెను. దానితో రికార్డులను నిలబెట్టగలిగిరి. నడుమ ఆఱు గంటల నమోదులు మాత్రము పోయినవి. ఆ సంస్థవారు జరిగినదంతయు దాచక లోకమునకు ప్రకటించుటచేతనే నేడు మనము దీనినుండి నేర్చుకొనగలుగుచున్నాము.

మేము చూచిన యువకుడు నెలకొక పర్యాయము తన నకళ్లలో ఒకదానిని వేఱొక కంప్యూటరులో తెఱచి, నాలుగు పేర్లు, నాలుగు మొత్తములు సరిచూచును. విత్తనము మొలకెత్తునో లేదో తడిగుడ్డలో కట్టి చూచు రైతుకు ఈ పద్ధతిని వేఱుగా బోధింప నక్కఱలేదు.

సభ్యులు చేయదగిన పని

సర్వరును బాగుచేయుట సభ్యుల పని కాదు. కాని అడుగుట వారి హక్కు, బాధ్యత. బీరువా తాళపుచెవిని గూర్చి అడిగిన నోటితోనే దీనిని గూర్చియు అడుగవచ్చును. సర్వరు పనిచేయలేదని విన్నపుడు తేదీ, గంట, తెరమీద కనబడిన సంఖ్య లేక మాట ఒక పుస్తకములో వ్రాయించవలెను. ఆ ఒక్క పంక్తి వలన, దూరమున నున్న ఇంజనీరు తన చిట్టాలో సరియైన చోటును వెదకగలడు. “నిన్న ఎప్పుడో ఆగినది” అను మాట ఆయనకు దారి చూపలేదు.

యంత్రము అబద్ధమాడదు; కాని అడుగనిదే నిజమును తనంతట చెప్పదు. ఊహింపక చూచుట, చూచినది వ్రాసికొనుట, వ్రాసినది మరల తెఱచి సరిచూచుట, ఈ మూడు అలవాట్లే ఆ యువకుని విద్యకు మూలము. మంచి కరణమునకును, మంచి సర్పంచునకును ఇవియే కావలసిన అలవాట్లు.

చర్చింపవలసిన ప్రశ్నలు

1. మన కచ్చేరి కంప్యూటరులో నున్న జమాఖర్చులకు నకలు ఎచ్చట నున్నది? దానిని చివరిసారి తెఱచి చూచినది ఎప్పుడు, ఎవరు?

2. మన గ్రామములోని మిక్కిలి పొడవైన పేరు తెరమీద తెగకుండ కనబడుచున్నదా?

3. గడచిన నెలలో సర్వరు ఎన్ని పర్యాయములు పనిచేయలేదు? తేదీ, గంట, కనబడిన సంఖ్య వ్రాసియున్నారా?

4. సర్వే నంబర్ల పట్టికలో ఏ నంబరైనను తేదీగా మాఱినదా?