చౌడు నేలలో సామాన్యశాస్త్రము

మీ ఇంట ఏడవ, ఎనిమిదవ తరగతి చదువు పిల్లలున్నచో వారి సామాన్యశాస్త్ర పుస్తకమును ఒక సాయంకాలము తెరచి చూడుడు. సాంద్రత, కేశనాళికలు, ఆమ్లములు, క్షారములు, వేరు బుడిపెలు అన్నియు అందు కలవు. వీనిని పరీక్ష కొరకు వల్లించి, పరీక్ష ముగియగానే మరచినవారు మనలో చాలమంది. పుస్తకము మూసినను ఆ పాఠములు పొలములో జరుగుచునే యుండును. కొన్నింటిని ఇచట జ్ఞప్తికి తెచ్చెదను.

మొదట సులభమైనది. ద్రవముకంటె సాంద్రత హెచ్చైన వస్తువు మునుగును, తక్కువైనది తేలును. తాజా కోడిగుడ్డు మంచినీటిలో మునుగును. నీటిలో ఉప్పు కరగించుచు పోయినచో తేలును. పది లీటర్ల నీటికి సుమారు కిలోన్నర ఉప్పు పట్టును. గుడ్డు పైభాగము రూపాయి బిళ్ళంత బయటికి కనబడినపుడు అందులో వరి విత్తనములు పోయుడు. తాలు గింజలు, అరకొరగా పాలు పోసుకొన్న గింజలు పైకి తేలును. మునిగినవే విత్తనమునకు తగినవి. వానిని వెంటనే రెండు మూడుసార్లు మంచినీట కడుగవలెను. ఉప్పు అంటియున్నచో మొలక చెడును. మొలక ఆకు వేసి తన ఆహారము తాను తయారు చేసికొనువరకు గింజలోని పిండియే దానికి తల్లిపాలు. అందుచేతనే బరువు గింజకు అంత విలువ.

ఇక దీపపు వత్తిని చూడుడు. ప్రమిదలోని నూనె వత్తి దారముల సందున పైకి ప్రాకును. నేలలోని సన్నని రంధ్రములలో నీరును అట్లే ప్రాకును. భూగర్భ జలము పైపైననే ఉన్న పల్లపు భూములలో వేసవి యెండకు నీరు పైకి వచ్చి ఆవిరియగును. నీరు పోవును గాని దానిలోని లవణములు పోవు. చినగంజాము ఉప్పు మడులలో జరుగునది ఇదియే. అక్కడ మనకు కావలసి చేయుదుము, పొలములో అక్కరలేకున్నను జరుగును. వేసవిలో గట్ల మీద, మడి ఎత్తు పాళ్ళలో తెల్లని పొర కనబడుటకు కారణమిదే. పైమట్టిని దున్ని గుల్ల చేసినచో వత్తి తెగినట్లగును.

ఇక్కడ కొంత నిదానించవలెను. రైతుల డబ్బు ఎక్కువగా వృథా యగుచున్నది ఇచటనే. నేల చౌడుబారినదని తెలియగానే జిప్సము తోలించువారు కలరు. ఏ చౌడని అడిగినచో “చౌడు చౌడే గదా అండీ!” అందురు. కాదు. పాలచౌడు వేరు, కారుచౌడు వేరు. పాలచౌడులో కరుగు లవణములు ఎక్కువ. క్షారగుణము అంతగా ఉండదు, ఉదజని సూచిక 8.5 కు లోపుగానే ఉండును. కారుచౌడులో సోడియము బంకమట్టి రేణువులనే అంటిపెట్టుకొని యుండును, సూచిక 8.5 కు మించును. వెనుక రజకులు బట్టలు ఉతుకుటకు తెచ్చుకొనిన చవుడు మన్నులో ఉన్నదీ ఈ సోడా క్షారమే.

ఇంటివద్దనే ఒక పరీక్ష చేయవచ్చును. గాజు గ్లాసులో రెండు చెంచాల మన్ను వేసి వాననీరు పోసి బాగుగా కలియబెట్టి కదపక ఉంచుడు. పాలచౌడైనచో మన్ను త్వరగా అడుగునకు దిగి నీరు తేరుకొనును. కారుచౌడైనచో మరునాటి ఉదయమునకును నీరు మురికిగానే యుండును. సోడియము పట్టిన రేణువులు ఒకదానినొకటి త్రోసికొనుటచే కూడి దిగవు. పొలములోను ఆ విడిపోయిన రేణువులే రంధ్రములను పూడ్చివేయును. నీరు క్రిందికి ఇంకదు, వేళ్ళకు గాలి అందదు, ఆరినచో నేల రాయి యగును. క్షారమునకు కరగిన జీవపదార్థము పైకి వచ్చి నేలకు నల్లదనము తెచ్చును గనుక దానికి కారుచౌడని పేరు.

ఆ నీటిని గుడ్డలో వడగట్టి, పసుపునీట తడిపి ఆరవేసిన తెల్లగుడ్డపై ఒక చుక్క వేయుడు. క్షారము బలముగా నున్నచో ఎరుపు తేలును. పసుపు, సున్నము కలిపి పారాణి చేయు మన ఆడవారికి ఈ రసాయన శాస్త్రము పుస్తకము లేకయే తెలియును. క్షారము స్వల్పమైనచో రంగు స్పష్టముగా రాదు. కావున ఈ పరీక్షలు అనుమానము తీర్చుకొనుటకేగాని మోతాదు నిర్ణయించుటకు కావు.

జిప్సము అనగా కాల్షియము సల్ఫేటు. దానిలోని కాల్షియము మట్టిరేణువుపై సోడియము స్థానమును ఆక్రమించును. వెళ్ళగొట్టబడిన సోడియము సల్ఫేటుతో కూడి నీటిలో కరగును. ఆ నీటిని బయటికి పంపినపుడే పని పూర్తియగును. లీటరు నీటిలో జిప్సము రెండు గ్రాములకు కొంచెము పైగా మాత్రమే కరగును గనుక, చల్లి పైమట్టిలో కలియదున్ని, గట్లు కట్టి నీరు నిలువగట్టవలెను. మురుగు కాలువ లేనిచోట జిప్సము చల్లుట నా దృష్టిలో సగము పని కూడ కాదు. పాలచౌడుకో జిప్సముతో పనియే లేదు. మంచినీరు పెట్టి, నిలిపి, మురుగులోనికి తీయుటయే చికిత్స.

సున్నములోను కాల్షియమే గదా అని కొందరు అడుగుదురు. సున్నపురాయి క్షారనేలలో కరగదు. కాల్చిన సున్నము క్షారమును ఇంకను పెంచును. సున్నము ఆమ్లనేలలకు మందు.

ఇందుకు తోడు ఎరువు నష్టమొకటి. చిటికెడు అమ్మోనియం సల్ఫేటును తడి సున్నముతో కలిపి వాసన చూడుడు, ఘాటు ముక్కుకు తగులును. ఆ ఘాటు అమ్మోనియా వాయువు, అనగా మీరు కొన్న నత్రజని. క్షారనేలపై చల్లి వదిలిన యూరియాయు ఇట్లే గాలిలో కలియును. 45 కిలోల బస్తాలో నత్రజని 20 కిలోలకు పైగా కలదు. దానిని మట్టిలో కలుపక పైన చల్లుట గాలికి దానము చేయుటే.

గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజనియే యైనను మొక్క దానిని నేరుగా తీసికొనలేదు. వేరు బుడిపెలలోని సూక్ష్మజీవులే అది చేయునని జర్మనీలో హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ అనువారు 1886–88 లో నిరూపించిరి. జీలుగ చౌడును కొంత ఓర్చుకొనును గనుక, జిప్సము వేసి కడిగిన కారుచౌడులో వరికి ముందు దానిని పెంచి పూతకు రాగానే కలియదున్నుడు. ఒక మొక్కను పెకలించి బుడిపె కోసి చూడుడు. లోన గులాబిరంగున్నచో పని జరుగుచున్నది.

గ్రామాధికారులకు ఒక మనవి. చౌడు భూముల పట్టిక వ్రాయునపుడు రెండు చౌళ్ళను వేరువేరుగ వ్రాయుడు. మురుగు కాలువ ఎవరి పొలములో పూడినదో కూడ గుర్తించుడు. పైవాని కడుగునీరు క్రిందివాని మడిలో నిలిచినచో చౌడు ఇల్లు మారునేగాని ఊరు వదలదు.

మట్టి నమూనాను పైరు లేని వేసవిలో తీయుడు. పైన కనబడు తెల్లని పొరను మాత్రము ఎత్తుకొని రావద్దు. పొలములో ఎనిమిది పది చోట్ల ‘వి’ ఆకారపు గుంట 15 సెంటీమీటర్ల లోతున త్రవ్వి, ప్రక్కల మట్టిని గీచి, అంతయు కలిపి అరకిలో మిగుల్చుడు. చౌడు నేలకు ఇంకను లోతులనుండి వేరు నమూనాలు కావలెను. ఎరువు సంచిలో వేయక శుభ్రమైన గుడ్డసంచిలో నీడన ఆరిన మట్టిని పోసి, సర్వే నంబరు, లోతు వ్రాసిన చీటి పెట్టి, బోరు నీరు ఒక సీసాతో సహా మండల వ్యవసాయాధికారికి అందజేయుడు. ఎకరమునకు ఎంత జిప్సము అనునది ఆ ఫలితము వచ్చినపిమ్మటనే చెప్పగలము.