కనిపెట్టుట నేర్చుకొందము

ధ్యానభాగము: యాకోబు పత్రిక 5వ అధ్యాయము, 7 మొదలు 11 వచనములు



తొలకరి దినములలో మన యాడికి పొలిమేరను నిలిచి చూడుడు. గుంటక తోలిన చేలు సిద్ధముగా నున్నవి. వేరుసెనగకాయలు ఒలిచి విత్తనములు మూటగట్టబడియున్నవి. అయినను మంచి పదునగువఱకు రైతు గొఱ్ఱు కట్టడు. తొందరపడి చిన్న జల్లునకే విత్తినచో మొలక యెండిపోయి, అప్పుచేసి తెచ్చిన పెట్టుబడి మట్టిపాలగును. ఊరక కూర్చున్నచో అదను దాటిపోవును. ఈ రెంటి నడుమ సిద్ధపాటుతో నిలుచుటయే ఓర్పు. కాడెద్దులకు మారుగా ట్రాక్టరు వచ్చినను, మబ్బువైపు చూచు ఆ చూపు నేటికిని మారలేదు.

భక్తుడైన యాకోబు కష్టములలోనున్న విశ్వాసులకు ఓర్పును బోధింపదలచి, రాజులనుగాని పండితులనుగాని చూపక, వ్యవసాయకునే చూపెను. పాలస్తీనా దేశమున ఆశ్వయుజ కార్తికముల వాన నేలను మెత్తబఱచి విత్తుటకు తోడ్పడును. ఫాల్గుణ చైత్రముల వాన గింజను నింపును. మొదటిది వచ్చి రెండవది రానియెడల పైరు పాడగును. ఈ మాట మనకు వివరింప బనిలేదు. పడమటి కనుమల చాటుననుండుటచే నైరృతి మేఘములు మనకు చాలినంత వాననీయవు; తూర్పు సముద్రము దూరమగుటచే ఈశాన్య మేఘములును తఱచుగా మనలను చేరవు. అనంతపురము ప్రాంతమున సంవత్సరమునకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియును. అదియు, ఊడలు దిగు వేళకు కురియునో లేదో యెవరెఱుగుదురు?

మన తెలుగు బైబిలునందు ఎదురుచూచుటకు “కనిపెట్టుట” యను మాట కలదు. పైరునకు కావలియుండుటయు కనిపెట్టుటయే, రోగి ప్రక్కన మేలుకొనియుండుటయు కనిపెట్టుటయే. కావున కనిపెట్టువాడు నిద్రించువాడు కాడు. కన్ను తెఱచి, చేయి కదలించుచు వేచియుండువాడు.

దీనికి గొప్ప నిదర్శనము తెలుగుదేశ చరిత్రయందే యున్నది. 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమున ఘోరమైన కఱవు వచ్చెను. అనంతపురము జిల్లా 1882లో ఏర్పడినది గనుక మన ప్రాంతము అప్పుడు బళ్ళారి జిల్లాలో చేరియుండెను. ఆ జిల్లా మిక్కిలి నష్టపడినవానిలో నొకటి. అదే కఱవు తూర్పున నెల్లూరు జిల్లాలో నుండిన ఒంగోలునకును వచ్చెను.

అక్కడి అమెరికను బాప్టిస్టు మిషను కథ అంతకు పూర్వమే ఓర్పు కథగా నుండెను. శామ్యూల్ డే దొరగారు 1840లో నెల్లూరు చేరిరి. ఏండ్లు గడచినను ఫలము మిగుల స్వల్పము. ఈ మిషనును మూసివేయవలెనా యని అమెరికాలోని సంఘమువారు ఒకటికంటె నెక్కువ పర్యాయములు చర్చించిరి. 1854వ సంవత్సరము జనవరి 1వ తేదీ ఉదయమున లైమన్ జూయెట్ దొరగారును, ఆయన భార్యయు, ముగ్గురు తెలుగు క్రైస్తవులును ఒంగోలు కొండపై నిలిచి ఆ పట్టణమునకు ఒక సేవకుని పంపుమని ప్రార్థించిరి. ఆ ప్రార్థనకు ఫలముగా వచ్చిన జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు ఒంగోలులో కాపురము పెట్టినది 1866లో! పండ్రెండేండ్ల నిరీక్షణ.

పిమ్మట కఱవు వచ్చెను. క్లౌగారు ఆకలిగొన్నవారికి ఓర్పును బోధించి ఊరకుండలేదు. బకింగ్‌హాం కాలువ త్రవ్వకమున మూడున్నర మైళ్ల పనిని గుత్తకు తీసికొని వేలకొలది జనులకు కూలి కల్పించిరి. వారిలో అనేకులు, ముఖ్యముగా ఊరివెలుపల నుంచబడిన మాదిగ కుటుంబములవారు, బాప్తిస్మము నడిగిరి. ఏండ్లుగా కోరిన పంట కన్నులయెదుట పండియుండెను. అయినను ఆయన కోయలేదు. అన్నముకొఱకు వచ్చినవాడెవడో, విశ్వాసముకొఱకు వచ్చినవాడెవడో కఱవు దినములలో తెలియదని, సహాయపు పని ముగియువఱకు బాప్తిస్మములను నిలిపివేసిరి. పని ముగిసినది, ఇక కూలియు లేదు. అయినను జనులు వచ్చిరి. 1878 జూలై 3వ తేదీని గుండ్లకమ్మ నదిలో ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ఆ సంఖ్యను చూచి మనము ఆశ్చర్యపడుదుము. నాకు మాత్రము దానికి ముందటి నెలలే గొప్పవిగా తోచును. కూడు పెట్టుటలో ఆలస్యము చేయలేదు. ఫలము కోయుటలో తొందరపడలేదు. ఓర్పుయొక్క మర్మమంతయు నిందులోనే యున్నది. ఇతరుల బాధను గూర్చి ఓర్పు వహించుట ఓర్పుకాదు, అది కాఠిన్యము. మన కోరికను గూర్చి వేచియుండుటయే ఓర్పు.

విద్యార్థులారా, మీలో కొందఱి తండ్రులు వానలు లేక బెంగుళూరునకు కూలికి పోయియుందురు. అవ్వయొద్ద నుండి చదువుకొనుచు, డబ్బు వచ్చునా, వచ్చే యేడు చదువు సాగునా యని మీరు రాత్రులు తలంచుచుండవచ్చును. విశ్వాసముంచినయెడల రేపే వాన కురియునని నేను మీతో చెప్పజాలను. అట్టి వాగ్దానము వేదగ్రంథమున లేదు. శ్రమలో దేవుడు మనలను విడువడనియు, శ్రమ ఓర్పునకును, ఓర్పు నిరీక్షణకును దారితీయుననియు పౌలు రోమీయులకు వ్రాసెను. ఆ దారిలో నేటి పని యొకటి మీ చేతిలో నున్నది. నేటి పాఠమును చదువుడు. అవ్వకు బిందెడు నీళ్లు తెచ్చి యిండు. ప్రక్కనున్న పిల్లవానికి పుస్తకము లేనియెడల మీ పుస్తకమును నడుమ నుంచి చదువుడు. మీ బాధను దాచుకొనక ఉపాధ్యాయునితో చెప్పుడు. యోబుకూడ దేవునియెదుట మౌనముగా నుండలేదు.

తలిదండ్రులకును ఒక మనవి. కఱవు సంవత్సరమున బిడ్డను, అందును ఆడబిడ్డను, బడి మాన్పించుట విత్తనపు గింజలను వండుకొని తినుటవంటిది. ఎంత ఆకలియైనను రైతు విత్తనపు మూటను కడపటివఱకు కాపాడును. మీ బిడ్డ చదువు అట్టి మూట. దానిని కాపాడుటలో మీకు తోడుండుట మా విధి.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. వేచియుండుటకును సోమరితనమునకును గల భేదమేమి?
2. క్లౌగారు కూలిపనిని వెంటనే కల్పించి, బాప్తిస్మమును ఏల ఆలస్యము చేసిరి?
3. ఈ వారము నీవు దేనికొఱకు కనిపెట్టుచున్నావు? అంతవఱకు నీ చేతిలోనున్న పని యేది?