శేషము చెప్పిన సాక్ష్యము

భాగహారము చేయునపుడు విద్యార్థులకు భాగఫలముపై నున్న ఆదరము శేషముపై నుండదు. లెక్క తెగినచో సంతోషింతురు. తెగకున్నచో మిగిలినదానిని ఒక మూలకు వ్రాసి మఱచిపోదురు. చిన్ననాట నాకును అదియే అలవాటు.

ఒక సంఖ్య వేఱొక సంఖ్యచే నిశ్శేషముగ భాగింపబడినచో, మొదటిది రెండవదానికి గుణిజ మనబడును. 63 అనునది 9 కి గుణిజము. 65 కాదు, అందు 2 శేషించును. ఇది మీకు తెలిసినదే.

తొమ్మిదికి ఒక విశేషము కలదు. 10 లో 9 పోగా 1 మిగులును. 100 లో 99 పోగాను ఒకటియే. 1000 లో 999 పోగాను ఒకటియే. కావున 4,725 లోని నాలుగు వేలు నాలుగు ఒకట్లను, ఏడు నూర్లు ఏడు ఒకట్లను, రెండు పదులు రెండు ఒకట్లను మిగుల్చును. వీనికి 5 చేర్చిన 18 అగును. 18 తొమ్మిదికి గుణిజము గనుక 4,725 కూడ గుణిజమే. అంకెలను కూడి చూచుటలోని రహస్య మింతియే. మహాసిద్ధాంతమును రచించిన రెండవ ఆర్యభటుడును ఈ తొమ్మిదుల పరీక్ష నెఱుగును. అయితే అంకెలు స్థానములు మార్చుకొన్నను వాని మొత్తము మాఱదు. కావున శేషమును మాఱదు. ఈ మాటను మనసున నుంచుకొనుడు.

నేను ప్రధానోపాధ్యాయుడనుగా నున్నప్పుడు ఒకసారి పరీక్షరుసుముల సొమ్ము చిట్టా మొత్తముకంటె 27 రూపాయలు తగ్గెను. వసూలు చేసిన గుమాస్తా క్రొత్తవాడు, బీదవాడు. కొందఱు అతనిని అనుమానముతో చూచిరి. నేను రసీదులను, చిట్టాను తొమ్మిదుల పరీక్షతో పోల్చితిని. రెండింటను శేష మొక్కటియే. ఇక చిట్టాలో తప్పు లేదని నమ్మి అతనిని కఠినముగనే అడిగితిని. "ఒక్క కానియైనను ముట్టలేదండీ, అయ్యగారూ" అని అతడు వణకుచు పలికెను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇరువదియేడు! అది తొమ్మిదికి గుణిజము కదా! రెండంకెల సంఖ్యలో అంకెలు తాఱుమాఱైనచో, పదుల స్థానమునుండి దిగిన అంకె తనకు తొమ్మిది రెట్లు కోల్పోవును; ఒకట్లనుండి ఎక్కిన అంకె తనకు తొమ్మిది రెట్లు పొందును. కనుక వచ్చు తేడా ఆ రెండంకెల భేదమునకు తొమ్మిది రెట్లే. తేడా 27 అయినచో అంకెల భేదము 3.

తెల్లవాఱగనే పాఠశాలకు పోయి, 14, 25, 36 వంటి రసీదులను మాత్రమే వెదకితిని. ఒక రసీదులో 14 కలదు, చిట్టాలో 41. రెండింటను 9 చే భాగింపగా 5 మిగులును. నా పరీక్షకు ఆ తప్పు కనబడకపోవుటకు కారణ మదియే. 27 గుణిజమైనంత మాత్రమున అతడు నిర్దోషియని తేలదు. ఎచట వెదకవలెనో అది చెప్పినది. ఋజువు మాత్రము రసీదే.

చిట్టాలోని ఆ పద్దు నా చేతివ్రాతయే.

అనుమానించినవారి యెదుటనే అతనిని పిలిపించి, క్షమింపుమని కోరితిని. అతడేమియు పలుకలేదు. ఎఱ్ఱసిరాతో 41 ని కొట్టివేసి, 14 వ్రాసి, ప్రక్కన నేను సంతకము చేసితిని.